ఎవరూ చూడని బొమ్మ ఎందుకు వేయాలి?

ప్రశ్న:

నమస్తే అండీ. నాకు 46 ఏళ్ళు. ఎముక మజ్జ మార్పిడి జరిగి ఏడు వారాలైంది. మూడు వారాల కిందట ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు గానీ, ఇన్ఫెక్షన్ భయం తగ్గేదాకా ఒకే గదిలో విడిగా ఉండమన్నారు. మావారు మాస్క్ పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వెళ్తారు. మా అమ్మాయి వేరే ఊళ్ళో చదువుకుంటోంది, రోజూ వీడియో కాల్ చేస్తుంది. పదేళ్ళుగా సెలవు రోజుల్లో వాటర్ కలర్స్ వేస్తున్నాను. ఎక్కువగా చెట్లు, చెరువులు, కొండలు. పోనీలే, ఇన్నాళ్ళకు కావలసినంత టైమ్ దొరికింది అనుకుని రంగుల పెట్టె, కుంచెలు, కాగితాలు ముందే ఈ గదిలో సర్దించుకున్నాను. ఇప్పటికి ఒక్క బొమ్మ కూడా వేయలేదు. తెల్లకాగితం ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది. కిటికీలోంచి కనబడేది ఎదురింటి గోడ, దాని మీద ఒక నీళ్ళ పైపు, అంతే. దేన్ని వేయను? పైగా మందుల వల్ల వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి గీత వణుకుతోంది. అందరూ "హాయిగా బొమ్మలు వేసుకో" అంటుంటే ఒళ్ళు మండిపోతోంది. అయినా, వేస్తే మాత్రం ఎవరు చూస్తారు?
ఒక పాఠకురాలు

జవాబు:

ముందు ఆ ఒళ్ళు మండే సంగతి. మండనివ్వండి, తప్పేం లేదు. "హాయిగా బొమ్మలు వేసుకో" అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు, కాదనను. కాకపోతే వాళ్ళ లెక్కలో బొమ్మకు కావలసింది టైమ్ ఒక్కటే. మీ దగ్గర టైమ్ గుట్టలుగా పడి ఉంది కాబట్టి బొమ్మలు కూడా గుట్టలుగా రావాలి. సామాన్లు సర్దించుకునేటప్పుడు మీరూ అదే లెక్క వేసుకున్నారు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలియక ఇప్పుడు మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారు.

మనకు తీరిక అని ఒక మాట ఉంది, ఖాళీ అని ఇంకో మాట ఉంది. మాటవరసకు రెండిటినీ ఒకేలా వాడేస్తాం. కానీ తీరిక అంటే పనులు తీరాక మిగిలేది. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. పదేళ్ళుగా మీరు బొమ్మలు వేసింది తీరికలో. వారమంతా పరుగులు పెట్టి, ఇల్లు చక్కబెట్టి, మళ్ళీ ఎవరో ఒకరు పిలిచేలోపు దొరికిన రెండు గంటల్లో వేశారు. ఆ రెండు గంటలకు అటొక గట్టు, ఇటొక గట్టు ఉండేవి. గట్లు ఉన్నాయి కాబట్టే నీళ్ళు పారాయి. ఇప్పుడు మీ చుట్టూ ఉన్నది ఖాళీ. గట్లు లేని నీళ్ళు ఎటూ పారవు, నిలబడిపోతాయి.

కాబట్టి ఆ ఖాళీలోంచి కాస్త తీరికను మీరే కోసి తీయాలి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. రోజూ ఒకే వేళకు, మీకు ఒంట్లో కాస్త నెమ్మదిగా ఉండే గంట ఏదో చూసుకుని, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇరవై నిమిషాలు కాగానే కుంచె కడిగేయండి. బొమ్మ సగంలో ఉన్నా సరే, ఊపు మీద ఉన్నా సరే. ముఖ్యంగా ఊపు మీద ఉన్నప్పుడు ఆపాలి. అలసిపోయేదాకా వేస్తే మర్నాడు కాగితం చూడగానే ముందుగా ఆ అలసటే గుర్తొస్తుంది. ఇంకా వేయాలనిపిస్తుండగా లేస్తే, మిగిలిన ఆ కాస్తా రేపు మిమ్మల్ని కుర్చీ దాకా లాక్కొస్తుంది.

మిగతా రోజంతా బొమ్మల గురించి బెంగ పెట్టుకోకండి. అది పని వేళ కాదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. ఒంటరితనం, జబ్బు, బాధ, వీటిలోంచే గొప్ప కళ పుడుతుందని ఒక నమ్మకం ఉంది. మీ చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఎక్కడో చదివి ఉంటారు. దానికి సాక్ష్యంగా అందరూ డచ్ చిత్రకారుడు వాన్ గోను చూపిస్తారు. 1889 మే నుంచి 1890 మే దాకా ఆయన ఫ్రాన్స్‌లో సాన్ రెమీ అనే ఊళ్ళో మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. ఆ ఏడాదిలో దాదాపు 150 చిత్రాలు వేశాడు. నక్షత్రాల రాత్రి బొమ్మ అక్కడిదే. ఇంతవరకూ నిజం. అయితే అవి దాదాపు అన్నీ ఆయన ఆరోగ్యం కుదుటపడిన రోజుల్లో వేసినవి. జబ్బు తిరగబెట్టినప్పుడు వారాల తరబడి కుంచె పట్టలేకపోయాడు. ఒక్కోసారి రంగులు దగ్గర పెట్టుకోవడానికి వైద్యులే ఒప్పుకోలేదు. బాధ ఆయన చేత బొమ్మలు వేయించలేదు, బాధ కాస్త పక్కకు తప్పుకున్నప్పుడు ఆయన వేశాడు. జ్వరంతోనో వాంతులతోనో పడుకున్న రోజున మీరు బొమ్మ వేయలేదంటే అది బద్ధకం కాదు. వాన్ గో కూడా వేయలేదు.

ఇక గోడ సంగతి. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ వాక్యమే. "ఎదురింటి గోడ, దాని మీద ఒక నీళ్ళ పైపు, అంతే." మీకు వేయడానికి ఏమీ దొరకలేదని మీరు అనుకుంటున్నారు. నాకేమో మీకు చాలా మంచి వస్తువు దొరికిందనిపిస్తోంది. పెద్దది, కదలదు, రోజంతా వెలుగు మారుతూ ఉంటుంది, అడ్డుగా ఎవరూ రారు. ఇలాంటి మోడల్‌ను డబ్బిచ్చి పెట్టుకునేవాళ్ళున్నారు.

నిజంగానే ఉన్నారు. 1892లో ఒకసారి, 1893లో మళ్ళీ ఒకసారి చిత్రకారుడు క్లోద్ మోనే ఫ్రాన్స్‌లోని రువాన్ అనే ఊరు వెళ్ళి, అక్కడి పెద్ద చర్చికి ఎదురుగా గది తీసుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి కనబడే ఆ చర్చి ముఖభాగాన్నే 30కి పైగా కాన్వాసుల మీద వేశాడు. ఒకేసారి చాలా కాన్వాసులు దగ్గర పెట్టుకుని, వెలుగు మారగానే చేతిలో ఉన్నదాన్ని వదిలేసి ఆ వేళకు సరిపోయే కాన్వాసు అందుకునేవాడు. చర్చి అంటే శిల్పాలున్న కట్టడం, నా ఎదురింటి గోడతో పోలికేమిటి అంటారేమో. ఆ బొమ్మలు ఎక్కడైనా దొరికితే చూడండి. శిల్పాలు దాదాపు కరిగిపోయి ఉంటాయి. ఒకదాంట్లో రాయి నీలిబూడిద రంగులో ఉంటుంది, ఇంకోదాంట్లో నారింజ. ఆయన వేసింది చర్చిని కాదు, దాని మీద పడ్డ పొద్దును. ఆ పొద్దు మీ పైపు మీద కూడా పడుతుంది.

మీరు చేయాల్సింది ఇది. ఒక కాగితాన్ని మాస్కింగ్ టేప్‌తో నాలుగు గడులుగా విడగొట్టండి. ఒక్కో గడి మీ అరచేతి కంటే పెద్దది కాకూడదు. రోజుకు ఒక గడి చాలు. ఇవాళ ఉదయం, రేపు మధ్యాహ్నం, ఎల్లుండి పొద్దువాలే వేళ, ఆ తర్వాత దీపాలు పెట్టాక. మీ ఇరవై నిమిషాలను ఆ నాలుగు రోజులూ కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు. రంగులు మూడే తీసుకోండి. అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ రంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). మిగతా పెట్టె మూసేయండి. నీలాన్ని సియెన్నాతో కలిపితే మీకు దొరికే బూడిద రంగులు లెక్కపెట్టలేనన్ని. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా, రెండూ చిక్కగా కలిస్తే దాదాపు నలుపు. ఒక గోడకు ఇంతకంటే అక్కర్లేదు.

పెన్సిల్ ముట్టుకోకండి. కళ్ళు సగం మూసి గోడను చూడండి. ఇటుకలు, మరకలు, పైపు క్లిప్పులు అన్నీ మాయమై మూడే మిగులుతాయి. లేతది, నడిమిది, ముదురుది. ముందు లేతదాన్ని పెద్ద కుంచెతో గడి మొత్తం పరిచేయండి. ఆరనివ్వండి. వాటర్ కలర్ ఆరాక వెలిసినట్టు అవుతుందని మీకు తెలిసిందే, కాబట్టి రెండోసారి వేసేది అనుకున్నదాని కంటే ఒక మెట్టు ముదురుగా ఉండాలి. చివర్లో పైపును వేయకుండా దాని నీడను వేయండి. నీడ సరిగ్గా పడితే పైపు దానంతట అదే కనిపిస్తుంది. నమ్మకపోతే చేసి చూడండి.

రెండు మూడు రోజులు అలా చూశాక కొన్ని సంగతులు తెలుస్తాయి. ఎండ గోడకు ఏటవాలుగా పడే కొద్దీ నీడ పైపుకు దూరంగా జరుగుతుంది. ఆ నీడ నల్లగా ఉండదు. ఎండ తగలని చోట ఆకాశం వెలుగు తగులుతుంది కాబట్టి కాస్త నీలంగా ఉంటుంది. కిందికి వచ్చేసరికి నేల మీద పడి తిరిగొచ్చిన వెలుగు కలిసి కొంచెం వెచ్చబడుతుంది. మబ్బు పట్టిన రోజున నీడే ఉండదు. అప్పుడు అంతవరకూ ఎండలో దాక్కున్న చెమ్మ చారలు, పాత మరకలు పైకి తేలతాయి. మీరు ఇన్నాళ్ళూ వేసిన కొండల్లోనూ చెరువుల్లోనూ ఇవన్నీ ఉండే ఉంటాయి. కానీ అక్కడ చూడటానికి ఇంకా బోలెడు ఉంది కాబట్టి వీటిని దాటేసి ఉంటారు.

నేనూ ఒకసారి ఇలా ఇరుక్కుపోయాను. మీ పరిస్థితితో పోల్చుకోను, నాది కాలు విరగడం మాత్రమే. తొమ్మిది వారాలు మంచం మీద. మొదటి రెండు వారాలు ఏమీ వేయలేదు, వచ్చినవాళ్ళందరి మీదా విసుక్కున్నాను. పడుకుంటే కనబడేది గది పైమూల. రెండు గోడలు, పైకప్పు కలిసే చోటు. మూడూ తెల్లవే. విసుగులోనే ఆ మూలను వేయడం మొదలుపెట్టాను. మూడూ తెలుపే అయినా ఏ రెండు తెలుపులూ ఒకటి కావని మొదటి రోజే తెలిసింది, కాకపోతే వేయడం చేతకాలేదు. మొత్తం 23 సార్లు వేశాను. మొదటి ఏడెనిమిది చెత్త. పదకొండోసారి వేస్తుంటే ఎడమ గోడ కింది భాగంలో లేత పసుపు కనిపించింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో రెండు రోజులు అర్థం కాలేదు. తీరా చూస్తే నా మంచం మీది పసుపు దుప్పటి. దుప్పటి ఉతకడానికి తీసుకెళ్ళిన రోజున ఆ పసుపూ పోయింది. ఆ రోజు నేను ఎంత సంబరపడ్డానో చెబితే మావాళ్ళు నా వంక అదోలా చూశారు.

కిటికీ దగ్గర కూర్చునే ఓపిక లేకపోతే మీ మందుల బల్ల ఉంది. ఇటలీలో జార్జియో మొరాండీ అని ఒకాయన బొలోన్యాలో తన చెల్లెళ్ళతో ఉంటూ, పడకగదినే స్టూడియో చేసుకుని, దశాబ్దాల పాటు అవే సీసాలు, అవే జాడీలు, అవే డబ్బాలు వేశాడు. జరిపి వేసేవాడు, మళ్ళీ జరిపి వేసేవాడు. ఆయన 1964లో పోయాడు. ఇవాళ ఆ సీసాల బొమ్మల ముందు జనం నిశ్శబ్దంగా నిలబడతారు. మీ బల్ల మీద కూడా సీసాలకు కొదవ లేదనుకుంటాను.

వణికే చేతి గురించి. ఇది చిన్న విషయం కాదు, పదేళ్ళ అలవాటును చేయి మరిచిపోయినట్టు ఉంటుంది. ముందు సులువైన మార్పులు చెబుతాను. సన్న కుంచెలు పక్కన పెట్టేయండి. కుంచె పిడికి మెత్తటి బట్టనో స్పాంజినో రెండు మూడు చుట్లు చుట్టి లావు చేయండి. తిమ్మిరెక్కిన వేళ్ళకు లావుపాటి పిడి దొరికితే పట్టు కుదురుతుంది. మణికట్టుతో కాకుండా మోచేతి నుంచి కదపండి. కాగితాన్ని నాలుగు వైపులా టేప్‌తో అట్టకు అతికించేస్తే రెండో చేత్తో పట్టుకోవాల్సిన పని ఉండదు, ఆ చేత్తో కుంచె పట్టిన మణికట్టుకు ఆసరా ఇవ్వొచ్చు.

ఆ తర్వాత, గీతను వదిలేయడం. ఫ్రెంచ్ చిత్రకారుడు మాతీస్ కథ మీకు నచ్చుతుంది. ఇరవయ్యో ఏట అపెండిసైటిస్ వచ్చి మంచం పట్టినప్పుడు, కాలక్షేపానికి ఉంటుందని వాళ్ళమ్మ ఒక రంగుల పెట్టె తెచ్చి ఇచ్చింది. న్యాయశాస్త్రం చదివిన కుర్రాడు అలా చిత్రకారుడయ్యాడు. 1941లో, 71 ఏళ్ళ వయసులో, క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మళ్ళీ మంచం, చక్రాల కుర్చీ. మునుపటిలా ఈజిల్ ముందు గంటల తరబడి నిలబడే శక్తి లేదు. అప్పుడాయన సహాయకుల చేత తెల్లకాగితాలకు గ్వాష్ అనే చిక్కటి నీటిరంగులు పూయించి, అవి ఆరాక కత్తెరతో ఆకారాలు కత్తిరించి, గోడ మీద అమర్చేవాడు. ఇది ఆకు, ఇది చేప, కాస్త పైకి, కాస్త ఎడమకి. 1954లో పోయేదాకా ఆయన చేసిన పని ఎక్కువగా అదే. చాలామందికి, నాతో సహా, ఆయన మొత్తం పనిలో ఇష్టమైన భాగం కూడా అదే.

మీరు కత్తెర జోలికి మాత్రం వెళ్ళకండి. మార్పిడి తర్వాత కొన్నాళ్ళు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండొచ్చు, వేళ్ళకేమో స్పర్శ సరిగా లేదు, తెగినా తెలియదు. చేత్తో చించండి. చించిన అంచు కత్తిరించిన అంచు కంటే అందంగా ఉంటుంది. రంగు పూసిన కాగితాన్ని మీ వైపుకు చించితే ఒకవైపు ముక్కకు సన్నని తెల్ల అంచు వస్తుంది. కొండ శిఖరం మీద వెలుగు గీత వేయడానికి మీరు ఎన్నిసార్లు తంటాలు పడి ఉంటారో, అది ఉచితంగా దొరుకుతుంది. వణుకు కూడా ఇక్కడ లోపం కాదు. కొండలు ఎప్పుడూ తిన్నగా లేవు.

కాగితాలకు రంగు ఎవరు పూయాలి? మీవారు. పక్క గదిలో కూర్చుని, శుభ్రంగా చేతులు కడుక్కుని, పోస్టర్ కలర్స్‌తో ఒక్కో కాగితానికి ఒక్కో రంగు పూసి, పూర్తిగా ఆరాక మీకు పంపమనండి. బొమ్మలు రావు కదా నాకు అంటారు. బొమ్మ అక్కర్లేదు, గోడకు సున్నం వేసినట్టు వేస్తే చాలని చెప్పండి. గీతలు గీతలుగా పడితే ఇంకా మంచిది, చించాక అవి గడ్డి అవుతాయి, నీటి అలలు అవుతాయి. గుమ్మం దగ్గర నిలబడి "ఏమైనా కావాలా" అని అడిగి వెళ్ళిపోయే మనిషికి కూడా చేతులు ఖాళీగానే ఉంటాయండీ. ఆయనకూ ఒక పని కావాలి. "నిన్నటి ఆకుపచ్చ కన్నా ఇంకాస్త పసుపు కలపండి" అని మీరు అడిగిన రోజున, మందులూ జ్వరమూ కాని సంగతొకటి ఆ గుమ్మం దగ్గర మాట్లాడుకుంటారు.

జాగ్రత్తలు కొన్ని. ఏ సామాను గదిలోకి తెచ్చుకోవాలన్నా ముందు మీ డాక్టరును అడగండి, నేను చెప్పానని తెచ్చుకోకండి. ఆయిల్ పెయింట్, టర్పెంటైన్ మూసిన గదిలో వద్దు. బొమ్మ చెరగకుండా కొట్టే స్ప్రే ఫిక్సేటివ్ వద్దు. పొడి పాస్టెల్స్ ఇష్టమైనా ఇప్పుడు వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ పాత రంగుల పెట్టె ఒకసారి ఎవరి చేతనైనా బయటే తెరిపించి చూడండి. వాటర్ కలర్ బిళ్ళలకు, తడి ఆరకుండా మూసేసిన పాలెట్లకు బూజు పడుతుంది. మామూలు మనిషైతే తుడిచేసి వాడుకుంటాడు. మీరు అలా చేయకూడదు. అనుమానం ఉంటే పాతవి పక్కన పెట్టి, ఆ మూడు రంగులే కొత్త ట్యూబులు తెప్పించుకోండి. కుంచెలు కడిగిన నీళ్ళు ఆ పూటే పారబోయండి, రాత్రంతా నిలవ ఉంచొద్దు. కుంచె మొనను పెదాలతో తడిపి సూదిగా చేసే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది, అది పూర్తిగా మానండి. రంగు నీళ్ళ గ్లాసు తాగే నీళ్ళ గ్లాసు పక్కన ఉండకూడదు. నవ్వకండి, ఒకసారి నేను తాగాను.

తెల్లకాగితం చూస్తే ఏడుపొస్తోందన్నారు. అయితే తెల్లగా ఉండనివ్వకండి. ఇవాళ పాలెట్ మీద మిగిలిన మురికి రంగుతో అప్పుడే రేపటి కాగితానికి పలచగా ఒక పూత వేసి ఉంచుకోండి. మురికి కాగితం ఎవరినీ భయపెట్టదు. జ్వరం రాసుకునే చార్టు పాతబడితే దాని వెనక వేయండి. రవీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మల్లోకి వచ్చింది కొట్టివేతల్లోంచే. రాతప్రతిలో వద్దనుకున్న మాటలు కొట్టేసి, ఆ కొట్టివేతల్ని ఒకదానితో ఒకటి కలుపుతూ పోతే పక్షులు, మొహాలు, పేరు తెలియని జంతువులు తయారయ్యేవి. అరవై దాటాక అది బొమ్మల పిచ్చిగా ముదిరింది. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. తర్వాత లెక్కేస్తే రెండు వేలకు పైగా ఉన్నాయి.

ఏం వేయాలో నిర్ణయించుకునే ఓపిక కూడా లేని రోజులు వస్తాయి. ఆ రోజుల్లో కాపీ చేయండి. సిగ్గుపడాల్సిన పని కాదు. బయటికి వెళ్ళలేని రోజుల్లో వాన్ గో చేసింది అదే. మియ్యే, డెలాక్రువా లాంటి వాళ్ళ చిత్రాల నలుపు తెలుపు అచ్చుబొమ్మలు ముందు పెట్టుకుని, గీత వాళ్ళది, రంగులు తనవి చేసి వేశాడు. ఒకరు కట్టిన పాటను ఇంకొకరు తన గొంతుతో పాడటం లాంటిదని తమ్ముడికి రాసిన ఉత్తరంలో దాన్ని సమర్థించుకున్నాడు కూడా. మీ పాత కొండల బొమ్మ ఏదైనా ఫోన్‌లో ఉంటే నలుపు తెలుపులోకి మార్చి, ఆ మూడు రంగులతోనే మళ్ళీ వేయండి. అప్పటి మీరు ఎక్కడెక్కడ తొందరపడ్డారో కనబడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. వేస్తే ఎవరు చూస్తారు?

"మీ కోసం మీరు వేసుకోండి" అని నేను చెప్పను. అది సగం నిజమే. బొమ్మ వేసిన ప్రతివాళ్ళకూ ఎవరో ఒకరు చూస్తే బాగుండుననిపిస్తుంది, అనిపించకపోతే దాన్ని కాగితం మీద పెట్టే అవసరమే లేదు, తలలో చూసుకుంటే సరిపోతుంది. అయితే చూసేవాళ్ళు ఎంతమంది కావాలి అన్నది వేరే సంగతి. నా లెక్కలో ఒక్కరు చాలు. వందమంది చూస్తే మెచ్చుకోళ్ళు వస్తాయి. పైగా మీరిప్పుడున్న స్థితిలో ఏం వేసినా "సూపర్" అంటారు, మీకూ అది తెలుసు. జాలి కలిసిన మెప్పు రెండు రోజులకే చేదుగా ఉంటుంది. అందుకని సోషల్ మీడియాలో పెట్టడం ఇప్పుడే వద్దనే అంటాను.

ఆ ఒక్కరు మీ అమ్మాయి. రోజూ వీడియో కాల్‌లో ఏం మాట్లాడుకుంటున్నారు? జ్వరం ఎంత, ఏం తిన్నావు, నిద్ర పట్టిందా. పాపం తనకు మాత్రం ఇంకేం అడగాలో ఎలా తెలుస్తుంది? వారానికోసారి మీ గోడ బొమ్మ ఒకటి ఫొటో తీసి పంపండి. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి, లేకపోతే మీరు కష్టపడి కలిపిన బూడిద రంగులన్నీ ఒకటే రంగైపోతాయి. "ఎలా ఉంది?" అని అడగకండి. "ఇది ఎన్ని గంటలప్పటిదో చెప్పు" అని అడగండి. అసలు టైమ్ కాగితం వెనక రాసి ఉంచుకోండి. తను తప్పు చెబితే తప్పు మీ నీడదో, తన కళ్ళదో ఇద్దరూ పోట్లాడుకోండి. నాలుగో వారానికి తను బాగా చూడటం నేర్చుకుంటుంది. కావాలంటే తన గది కిటికీలోంచి కనబడే గోడ ఫొటో తననూ పంపమనండి. ఎంత దూరంగా ఉన్నా ప్రతివాళ్ళ ఎదుటా ఒక గోడ ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం బొమ్మలతో కలపకుండా చెబుతాను. కాగితం ముందు ఏడుపు రావడం వేరు. రోజంతా ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం, బతుకు మీద విరక్తి కలగడం వేరు. ఈ రెండో రకం ఏ కొంచెం ఉన్నా మీ వైద్య బృందానికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మజ్జ మార్పిడి జరిగినవాళ్ళకు ఇది అరుదేమీ కాదు, వాళ్ళు విని ఆశ్చర్యపోరు, దానికి చికిత్స ఉంది. ఇరవై నిమిషాల వాటర్ కలర్స్ దానికి మందు కాదు. మందు తీసుకుంటూ వాటర్ కలర్స్ వేయొచ్చు.

చివరగా, మీ ఉత్తరంలో ఒకటి వెతికాను, దొరకలేదు. గోడ ఉందన్నారు, పైపు ఉందన్నారు. రెండిటి రంగూ రాయలేదు. మూడు వారాలుగా ఎదురుగా ఉన్నవి కాబట్టి చెప్పనక్కర్లేదనుకున్నారో, నిజంగానే గమనించలేదో నాకు తెలియదు. రేపు పొద్దున ఎండ రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసి రెండు లైన్లు రాసి పంపండి.